రిజిస్టర్‌లో లేని షిఫ్టు

పుస్తకంలో రాయనిది జరగనట్టే అని మా బాపు అనేవాడు. బొగ్గు గనిలో సర్దారుగా పనిచేసినంత కాలం ఆ మాట మీదే బతికాడు, ఇంట్లో నన్ను కూడా ఆ మాట మీదే పెంచాడు. ఆయన పోయాక మూడు నెలలు ఆయన ఇనపపెట్టె జోలికి వెళ్లలేదు. మొన్న వానలకు ముందు అమ్మ "ఎలుకలు దూరుతున్నయ్, తీసి చూడు" అంటే తీశాను. పైన ఆయన తోలు బెల్టు, గని ల్యాంపు నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల, మడత విప్పని రెండు తువ్వాళ్లు. అడుగున అట్ట ఊడిన రెండు వందల పేజీల నోటుబుక్కు. అట్ట మీద రాత నాది. "హీరో షిఫ్టు రిజిస్టరు" అని స్కెచ్ పెన్నుతో రాసి కింద రెండు గీతలు కొట్టాను. ఇరవై రెండేళ్ల వయసులో నాకు గీతలు కొట్టడం మీద చాలా నమ్మకం ఉండేది. ఒక కంప్యూటర్ ఆట గురించి పెద్దవాళ్లం కూర్చుని రాసుకున్న పుస్తకం అది. ఆ పుస్తకాన్నే సాక్ష్యంగా పెట్టి రాంబాబు అనే మనిషిని మళ్లీ మా గడప తొక్కకుండా చేశాం. ఆ సాక్ష్యం తప్పుడుదని బాపు పోయేదాకా నాకు తెలియలేదు.

అప్పట్లో మాది కొత్తగూడెం దగ్గర బొగ్గు గనుల బస్తీ. రెండు గదుల రేకుల ఇల్లు. తెల్లారేసరికి ప్రతి ఇంటివాళ్లూ బొగ్గు పొయ్యి వాకిట్లో పెట్టి రాజేసేవాళ్లు. ఆ పొగ వీధంతా కమ్ముకుని, అది తేరుకున్నాకే ఎదురింటి తలుపు కనిపించేది. తలస్నానం చేసిన గంటకే జుట్టు మళ్లీ పొగ వాసన వేసేది. నిప్పు ఎర్రబడ్డాక అమ్మ పొయ్యిని లోపలికి తెచ్చి చాయ్ పెట్టేది. బాపు ముందు ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుని, తర్వాత చాయ్ సాసరులో పోసుకుని తాగేవాడు. గనిలో మింగిన దుమ్మును బెల్లం కడుగుతుందని వాళ్ల నమ్మకం. ముప్పై ఏళ్ల బెల్లం ఏం కడిగిందో గానీ, ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టర్లు రాసి ఆయన్ను పని నుంచి దించేశారు. ఇంట్లో కూర్చున్నా సర్దారు బుద్ధి పోలేదు. సర్దారు పని ఏమిటంటే, కార్మికులు లోపలికి పోకముందే కర్రతో గని పైకప్పు తట్టి, చప్పుడును బట్టి అది గట్టిదో డొల్లదో చెప్పడం, షిఫ్టు ముగించి పైకి వచ్చాక చూసిందంతా రిపోర్టు బుక్కులో రాయడం. చుట్టాల ఇంటికి వెళ్లినా బాపు చేతికర్ర ఎత్తి ఒకసారి వాళ్ల కప్పు తట్టేవాడు. అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. ఇప్పుడు ఖమ్మంలో మేం ఉంటున్న ఖానాపురం హవేలి ఇంటి స్లాబును కూడా ఆయన తట్టి, తల ఊపాకే లోపలికి అడుగు పెట్టాడు.

డిగ్రీ అయ్యాక నేను కంప్యూటర్ కోర్సులో చేరితే, బాపు ఇంటికే ఒక కంప్యూటర్ తెచ్చాడు. బస్తీలో అదే మొదటిది. అమ్మ దానికి పూలు కుట్టిన గుడ్డ కప్పింది. దసరాకు సీపీయూకు బొట్టు పెట్టి ముందర కొబ్బరికాయ కొట్టింది. నీళ్లు లోపలికి పోతాయని నేను మొత్తుకున్నా వినలేదు. ఆ కంప్యూటర్‌ను వెతుక్కుంటూ ఇద్దరు వచ్చారు. ఒకడు పక్కింటి యాకూబ్. తండ్రి ఉద్యోగం తనకు వచ్చి, గనిలో బొగ్గు నింపే పనిలో కొత్తగా చేరాడు. నాకంటే రెండేళ్లు పెద్ద, నన్ను "రజితమ్మా" అనేవాడు. రెండోవాడు రాంబాబు. నా కోర్సే, వేరే బ్యాచి, నాకంటే ఏడాది చిన్న. ములకలపల్లి అవతల అడవి అంచున వాళ్ల గూడెం. ఆశ్రమ పాఠశాలలో చదువుకుని, డిగ్రీ కోసం కొత్తగూడెం వచ్చి, నలుగురితో కలిసి ఒక గది కిరాయికి తీసుకున్నాడు. ఊరికి వెళ్లొచ్చినప్పుడు మా ఇంటికి ఉత్త చేతులతో వచ్చేవాడు కాదు. ఎండాకాలమైతే తునికి పండ్లు, వానల్లో వెదురు కొమ్ములు, ఒకసారి ఎండబెట్టిన ఇప్పపూలు. ఆ పూల వాసన మా ముందుగదిలో వారం రోజులు ఉంది. అమ్మ ఎలా వండాలో తెలియక నువ్వులు, బెల్లం కలిపి దంచితే బాపు ఒక్కడే కూర్చుని తిన్నాడు. మండల ఆఫీసుల్లో కంప్యూటర్ ఆపరేటర్లను తీసుకుంటారని అప్పుడు వినికిడి. రాంబాబు ఆశంతా దాని మీదే. ఇన్‌స్టిట్యూట్‌లో వారానికి రెండు గంటలకు మించి కంప్యూటర్ దొరికేది కాదు కాబట్టి, చేతికి ఆ మాత్రం వేగం రావాలంటే అతనికి మా ఇల్లే దిక్కు.

ఆట సీడీ యాకూబ్ ఖమ్మం నుంచి తెచ్చాడు. కాపీ సీడీ. దాని మీద మార్కరుతో రాసిన పేరు సగం చెరిగిపోయింది. అంతవరకు మేం ఆడినవి కార్లు గుద్దేవి, తుపాకులు పేల్చేవి. ఇది వేరు. ఇందులో ఎదురైన ప్రతి మనిషితోనూ మాట్లాడాలి. తెర కింద ఇంగ్లిష్‌లో రెండు మూడు జవాబులు వస్తాయి, ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నదాన్ని బట్టి హీరో గుణం మారుతుంది, కథా మారుతుంది. అడవి అంచున ఒక ఊళ్లో నది ఎండిపోతే, హీరో అది పుట్టిన కొండ దాకా వెళ్లి దాన్ని తిరిగి తేవాలి. దారిలో మందులు తెలిసిన ఒక అమ్మాయి తోడవుతుంది. ఆమె పేరు మాకు నోరు తిరగక "పిల్ల" అనే పిలుచుకున్నాం. నది ఎండిన దగ్గరే రాంబాబు ఆటకు పడిపోయాడు. "మా దిక్కు ముసలోళ్లు చెప్పే కథ లెక్కనే ఉన్నదక్కా" అన్నాడు. అందరం ఉన్నప్పుడు ఇంగ్లిష్ చదివి తెలుగులో చెప్పడం నా వంతు. నేను ఆ పనిని కాస్త దర్జాగానే చేసేదాన్ని.

ఆ కాపీలో ఏం లోపం ఉందో, ఒక్క హీరోనే దాచుకోనిచ్చేది. ఒకరు సేవ్ చేస్తే అంతకుముందు ఇంకొకరు ఆడింది పోయేది. మూడు రోజులకే కొట్లాట మొదలైంది. యాకూబ్ నా హీరోను చెరిపేస్తే నేను అతనితో వారం మాట్లాడలేదు. అప్పుడు బాపు పంచాయితీ చేశాడు. "ఒక్క గనిల మూడు షిఫ్టులోళ్లు దిగుతరు. ఎవని గని వానికి ఉంటదా? ఒక్కటే హీరోను పెట్టుకోండ్రి. పైకి ఎక్కేటోడు రాసి ఎక్కాలె, లోపలికి దిగేటోడు చదివి దిగాలె." తనే స్కేలు పెట్టి గళ్లు గీశాడు. తేదీ, షిఫ్టు, ఏం జరిగింది, ప్రమాదం ఏమైనా ఉన్నదా, ఆడినవాళ్ల సంతకం, చివర తర్వాత కూర్చునేవాళ్ల సంతకం. పెన్నుకు దారం కట్టి పుస్తకానికి బిగించాడు. చివరి గడి గురించి మాత్రం వేలు ఆడిస్తూ చెప్పాడు. "చూసుకోకుంట సంతకం పెట్టద్దు. కుర్చీల కూసునేముందే పెట్టాలె. షిఫ్టు అయిపోయినంక పెట్టిన సంతకం చెల్లదు. గట్ల పెట్టిన సంతకాలతోని మనుషులు పోయిన్రు." ఆటకు ఇంత కథ అవసరమా అని ఎవరం అనలేదు. గనుల బస్తీలో పుట్టినవాళ్లకు అది వింతగా తోచలేదు.

అలా నాలుగు నెలలు ఆడాం. పొద్దున యాకూబ్, అతనికి ఆ వారం ఏ షిఫ్టు పడితే దాన్ని బట్టి. పన్నెండు నుంచి రెండు దాకా రాంబాబు, గంట టైపింగ్, గంట ఆట. నేను ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చి అయిదు గంటలకు కూర్చునేదాన్ని. ఇప్పుడు పుస్తకం తిరగేస్తే ముగ్గురి గొంతులూ వినిపిస్తాయి. యాకూబ్ రాత: "ఏడుగురిని కొట్టిన. ఇద్దరు ఉరికిన్రు. కత్తి అరిగింది." రాంబాబు రాత: "గుడిసెల ముసలామె నీళ్లు అడిగింది, ఇచ్చిన. మన దగ్గర ఇంక మూడు కుండలే ఉన్నయ్." నా రాత: "దయచేసి దారిన పోయేవాళ్లందరితో తగాదా పెట్టుకోవద్దు. ముఖ్యంగా యాకూబ్." పొద్దున తన్ని, మధ్యాహ్నం నీళ్లు పోసి, సాయంత్రం నీతులు చెప్పే ఆ హీరోను చూసి మందుల పిల్లకు మతి పోయి ఉండాలి. బాపు మా వెనక ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాడు. ఇంగ్లిష్ చదవడం రాదు గానీ కథ మాకంటే బాగా ఆయనకే తెలుసు. పిల్ల తెర మీదికి వస్తే ముందుకు వంగేవాడు. రోజూ సాయంత్రం పుస్తకం చదివి, మూలన "చూసినాను" అని పొట్టి సంతకం పెట్టేవాడు.

ముగింపు ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. అందరం ఉన్నాం. అమ్మ సర్వపిండి చేసింది, గదంతా వేడి నూనె, నువ్వుల వాసన. హీరో కొండ ఎక్కాడు, కాపలావాణ్ని యాకూబే చంపాడు. తర్వాత ఒక చిన్న ఇల్లు. తలుపు తెరిచి ఉంది, లోపల దీపం. బల్ల మీద రెండు పళ్లేలు. హీరో ఒక పళ్లెం ముందు కూర్చున్నాడు. ఎదురుగా రెండో పళ్లెం. కాసేపు అలాగే కూర్చుని తలుపు వైపు చూశాడు. తెర నల్లబడి కిందనుంచి పేర్లు రావడం మొదలైంది. నది వచ్చిందా లేదా చూపించలేదు. ఊరు బతికిందో ఎండిందో చెప్పలేదు. యాకూబ్ "ఇగ?" అన్నాడు. అమ్మ పెనం దించి వచ్చి, "అయిపోయిందా? ఆ రెండో పళ్లెం ఎవలికి?" అని అడిగింది. నాలుగు నెలల మా బతుకులు పోసి ఆడితే ఒక ముక్క జవాబు కూడా ఇవ్వకుండా తలుపేశారు. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు మోసం చేస్తే అంత బాధ కలుగుతుందని అంతకుముందు నాకు తెలియదు.

తర్వాత నెలన్నర పాటు మేం మాట్లాడుకున్నది అదొక్కటే. యాకూబ్ లెక్కలో అది సీడీ తప్పు. కాపీ కొట్టినవాడు చివరి సగం మింగేశాడని ఖమ్మం వెళ్లి షాపువాడితో కొట్లాడి ఇంకో సీడీ తెచ్చాడు. అందులోనూ అదే బల్ల, అవే పళ్లేలు. అయినా ఊరుకోలేదు. "నది తెమ్మని పంపి అన్నం ముంగట కూసోబెడితె ఎట్ల? గనిల దిగి బొగ్గు తేకుంట ఎక్కితె హాజరు ఏస్తరా?" అనేవాడు. రాంబాబు మాట వేరు. "హీరో కొండ మీదనే సచ్చిండక్కా. మనం పెద్దలకు పెడుతం గద, గట్ల పెట్టిన పళ్లెం అది. ఆ ఇల్లు పెద్దల ఇల్లు." "మరి రెండోది?" అని నేను అడిగితే, "ఇంకెవలో గూడ సచ్చిన్రు. దారి తెల్వక ఇంకా రాలే" అన్నాడు. ఆ మాటకు యాకూబ్ కూడా నవ్వలేదు. నేను మాత్రం, వాళ్లిద్దరికంటే ఎక్కువ కోపం ఉన్నా, ముగింపును వెనకేసుకొచ్చేదాన్ని. అంతా విప్పి చెప్తే అది కథ కాదని, మనం ఊహించుకోవాలని వాదించేదాన్ని. రెండో పళ్లెం పిల్లదేనని మా ముగ్గురికీ లోపల అనుమానం ఉంది. ఆమె సగం దారి నుంచి మాతో లేదు. జ్వరం వచ్చి ఒక గుహలో పడుకుంది, ఎప్పుడో కథే తీసుకొస్తుందిలే అనుకుని మేం ముందుకు పోయాం.

ప్రతిదానికీ తీర్పు చెప్పే బాపు ఈ వాదనలో నోరు విప్పేవాడు కాదు. ఒకే ఒక్కసారి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "ఎక్కడనో ఏదో ఇడిచిపెట్టొచ్చిన్రు" అన్నాడు. పెద్దాయన ఎంత లోతుగా చూశాడో అని మేం మెచ్చుకున్నాం.

ఒకరోజు కొత్తగూడెంలో నెట్ సెంటర్‌కు వెళ్లి ఆట పేరు కొట్టి వెతికాను. ఏ దేశాలవాళ్లో వందల మంది ఆ ముగింపు మీద తిట్టుకుంటున్నారు. యాకూబ్ మా వాకిట్లో తిట్టిన తిట్లే అక్కడ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. మేం ఒంటరివాళ్లం కాదని మొదట ఎంత సంతోషమైందో చెప్పలేను. కిందికి పోయేకొద్దీ ఒకతను రాసింది కనిపించింది. గుహలో పిల్లకు దగ్గు ముదిరినప్పుడు ఒక ప్రశ్న వస్తుందట. ఆమెను వదిలి ముందుకు పోతావా, మందు ఆకు తెచ్చేదాకా ఆగుతావా అని. ఆగితే చివర్లో ఆమె తలుపులోంచి వచ్చి రెండో పళ్లెం ముందు కూర్చుంటుంది, బయట నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. వదిలేస్తే పళ్లెం ఖాళీ. అంటే ఆట మమ్మల్ని మోసం చేయలేదు. మాలో ఒకరు మిగతావాళ్లను మోసం చేశారు. నేను ఆ కాగితం ప్రింటు తీయించి, మడత పెట్టి, ఇంటికి దాదాపు పరుగెత్తాను.

ఆ ఆదివారం మా ముందుగది కోర్టయింది. పుస్తకం బాపు చేతిలో పెట్టాం. గుహ దగ్గరి పేజీ ఆయనే పైకి చదివాడు. "పిల్లకు జొరం. గుహల పండబెట్టిన. సేవ్ చేసిన." కింద రాంబాబు సంతకం. పక్క గడిలో నా సంతకం. నేను ఆ రోజు అయిదింటికి కూర్చునేసరికి హీరో గుహ బయట, దారి మీద ఉన్నాడు. అది నాకు బాగా గుర్తుంది, అదే చెప్పాను. రాంబాబు లేచి నిలబడ్డాడు.

"నేను ఆపినప్పుడు గుహలనే ఉన్నడక్కా. ఏ ప్రశ్నా రాలే. నేను ఇడిచిపెట్టలే."

"మరి బయటికి ఎవలు తెచ్చిన్రు? హీరో ఆయనంత ఆయనే నడిచిండా?" అన్నాడు యాకూబ్.

"నాకు తెల్వదన్నా."

నేను అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "నీకు ఇంగ్లిష్ అర్థంకాక ఏదో ఒకటి నొక్కినవ్. ఒప్పుకుంటె ఏం పోతది?" యాకూబ్ ఇంకో మెట్టు ఎక్కి, "రోగమొచ్చిన పిల్లను అడివిల పండబెట్టి వచ్చుడు మీ దిక్కు అలవాటా?" అన్నాడు. రాంబాబు అతని వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. బాపు వైపు చూశాడు. "పెద్దబాపూ, మీరు చెప్పుండ్రి" అన్నాడు. బాపు కళ్లద్దాలు తీసి తువ్వాలుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. మళ్లీ పెట్టుకుని పేజీ మీద వేలు పెట్టి, "పుస్తకం ప్రకారం అయితె రాంబాబు షిఫ్టే. నడుమల ఎవ్వలు లేరు" అన్నాడు. రాంబాబు చెప్పులు తొడుక్కుని, ఆ రోజు తెచ్చిన తునికి పండ్ల సంచి గుమ్మం పక్కనే ఉంటే అది కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. రెండు వారాలకు ఇన్‌స్టిట్యూట్‌కు కూడా రావడం మానేశాడని విన్నాను. ఆపరేటర్ పోస్టులు నిజంగానే పడ్డాయి. పరీక్ష రోజు హాలంతా వెతికాను, అతను కనిపించలేదు. అతను టైపింగ్ చేసుకునే ఆ గంట కూడా అప్పటికి నాకే మిగిలింది కదా, ఉద్యోగం నాకు వచ్చింది. ఈ రోజుకీ నేను తింటున్నది ఆ ఉద్యోగం అన్నమే. యాకూబ్ తర్వాత వేరే గనికి బదిలీ అయ్యి వెళ్లిపోయాడు. ఆటను మేం మళ్లీ మొదటినుంచి ఆడి ఆ రెండో ముగింపు చూడొచ్చు, కానీ ఎవరం కుర్చీలో కూర్చోలేదు. అమ్మ ఆ పూల గుడ్డ మళ్లీ కప్పింది. ఇన్నేళ్లూ ఎప్పుడైనా ఆ సంగతి గుర్తొస్తే, నమ్మిన స్నేహితుడు అబద్ధం రాశాడనే తలచుకున్నాను. తప్పు చేసినందుకు కాదు, చేసి ఒప్పుకోనందుకు అతని మీద కోపం అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

పెట్టెలో దొరికిన పుస్తకంలో నేను అంతకుముందు చూడని చివరి పేజీ ఒకటి ఉంది. దాని మీద బాపు స్కేలు పెట్టి మళ్లీ గళ్లు గీశాడు. గీత ఎక్కడా వంకర పోలేదు. తేదీ గడిలో గుహ దగ్గర ఆడిన ఆనాటి తేదీయే ఉంది. షిఫ్టు గడిలో "నడుమ" అని. ఏం జరిగింది అన్నచోట ఇలా ఉంది: "రాంబాబు ఎల్లినంక కుర్చీల కూసున్న. గుహల పిల్ల దగ్గుతున్నది. తెర మీద డబ్బా వచ్చింది. రెండు మాటలు ఉన్నయ్. చదవరాక పైది నొక్కిన. హీరో బయటికి వచ్చిండు. మళ్ల లోపలికి పోనియ్యలే. సేవ్ చేసిన." ప్రమాదం గడిలో "ఉన్నది" అని ఒక్క మాట. ఆయన పూర్తి సంతకం, సర్దారు సంతకం. చివరి గడి ఖాళీ. క్షమించమని ఒక్క ముక్క లేదు. ఎప్పుడు రాశాడో లేదు.

నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, కోపం. రెండు గంటలకూ అయిదు గంటలకూ మధ్య అమ్మ కునుకు తీస్తుంటే, ఆ ముసలాయన పూల గుడ్డ తీసి, మాకు తెలియకుండా ఆ కుర్చీలో ఎన్నిసార్లు కూర్చున్నాడో. అది తప్పు కాదు. అడిగితే మేమే పక్కన కూర్చోబెట్టుకుని ఆడించేవాళ్లం. ఇంగ్లిష్ చదవరాదన్న సిగ్గుతో ఒక్క ఆదివారం నోరు మూసుకుని, ఇంగ్లిష్ రానివాడన్న మాట నా చేత ఇంకొకరిని అనిపించాడు. "నడుమల ఎవ్వలు లేరు" అన్నప్పుడు ఆయన గొంతు ఏమాత్రం వణకలేదు. మరి ముప్పై ఏళ్ల రిపోర్టు బుక్కుల్లో ఇలాంటి నడుమ షిఫ్టులు ఎన్ని ఉన్నాయి? కప్పు గట్టిదని రాసిన ప్రతిచోటా నిజంగా తట్టి చూశాడా? ఈ ప్రశ్న నేను మా బాపు గురించి అడుగుతానని కలలో కూడా అనుకోలేదు. అడగడానికి ఆయన లేడు. బతికున్నప్పుడు దాచి, పోయాక దొరికేట్టు పెట్టాడు. అది నాకు ఇంకా మింగుడుపడలేదు.

నా బిడ్డకు ఇదంతా చెబితే మొదట నవ్వింది. తను ఏ ఆటైనా మొదలుపెట్టకముందే ముగింపు వీడియో చూస్తుంది, నచ్చకపోతే ఆడదు. "అంతమంది కలిసి ఒక్క ముగింపు కోసం ఏడ్చిన్రా?" అంది. తర్వాత నా మొహం చూసి ఫోన్ పక్కన పెట్టి, "ఆయన దగ్గరికి పోవా మరి?" అని అడిగింది. ఆ పిల్ల అడగకపోతే నేను ఇంకో ఏడాది ఆలోచించేదాన్నేమో.

బడులు తెరిచిన వారంలో కొత్తగూడెం దాకా బస్సులో, అక్కడినుంచి ఆటోలో ములకలపల్లి వైపు వెళ్లాను. ఆఫీసులో వాకబు చేస్తే తెలిసింది, రాంబాబు ఇప్పుడు ఒక ఆశ్రమ పాఠశాలలో లెక్కల సారు అని. బడి పక్కనే క్వార్టర్. కణతల దగ్గర నెరిసింది, నవ్వు మాత్రం అదే. నన్ను గుర్తుపట్టి, "అక్కా, పెద్దబాపు పోయిండట గద. ఆలస్యంగ తెలిసింది" అన్నాడు. వాళ్లావిడ నీళ్లు ఇచ్చింది. పుస్తకం తీసి చివరి పేజీ తెరిచి అతని చేతిలో పెట్టాను. నిదానంగా చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

"నాకు తెలుసక్కా" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఆ రోజే. అద్దాలు తుడుస్తుంటె తెలిసింది. అవి అంతకుముందే తుడిచిండు."

"మరి చెప్పలేదేంది?"

"మీ ఇంట్ల, మీ బాపు మీద నేను చెప్తె నమ్ముతుండెనా?" కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. మళ్లీ తనే అన్నాడు. "పెద్దాయన సంగతి పోనీ. సిగ్గుపడ్డడు. నువ్వు నా రాత నాలుగు నెలలు చదివినవ్. ముసలామెకు నీళ్లు ఇస్తె గూడ రాసినోన్ని. పిల్లను ఇడిచిపెడితె రాయకుంట ఉంటనా?"

క్షమించమని అడిగాను. అతను తల ఊపాడు, అది అవునో కాదో తెలియలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని, ఆ రెండో ముగింపు ఎప్పుడైనా చూశావా అని అడిగాను. "చూసిన. పిలగాండ్ల ఫోన్ల దొరికింది. అండ్ల గూడ ఏం లేదక్కా. పిల్ల వస్తది, కూసుంటది. గంతే" అన్నాడు. అప్పుడు నేను అసలు వచ్చిన పని చెప్పాను. పుస్తకానికి ఇంకా వేలాడుతున్న దారం చివర కొత్త పెన్ను కట్టి తీసుకెళ్లాను. బాపు గీసిన ఆ చివరి గడి చూపించి, "నువ్వు ఇక్కడ ఒక సంతకం పెడితే బాగుంటది" అన్నాను. ఎందుకు బాగుంటుందో, ఎవరికి బాగుంటుందో చెప్పలేదు. అతను పెన్ను తీసుకున్నాడు. గడి వైపు చూశాడు. పెన్నుకు మూత పెట్టి, పుస్తకం మూసి, నా ఒళ్లో పెట్టాడు.

"షిఫ్టు అయిపోయినంక పెట్టిన సంతకం చెల్లదక్కా. పెద్దబాపే చెప్పిండు గద. అయినా ఆ గడి నాది గాదు. ఆయన తర్వాత కుర్చీల కూసున్నది నువ్వు."

లోపల వాళ్లావిడ అన్నం పెట్టింది. ఇద్దరికీ అని రెండు పళ్లేలు పెట్టి, పప్పు, వెదురు కొమ్ముల కూర వడ్డించింది. అంతలో బడి గంట కొట్టారు. "నువ్వు తినక్కా, నాకు క్లాసున్నది" అని అతను చెప్పులు తొడుక్కున్నాడు. "ఒక్క పీరియడే, వస్తడు, మీరు కానియ్యండి" అంది ఆవిడ. నేను చేయి కడుక్కుని కూర్చున్నాను. తర్వాతి గంట మోగింది. ఆ తర్వాతిదీ మోగింది. నేను తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.